డిగ్, డగ్, డగ్

తొమ్మిదో తరగతికి మూడు రూపాల పట్టిక వల్లె వేయిస్తున్న.
గో, వెంట్, గాన్.
ఈట్, ఏట్, ఈటెన్.
కట్, కట్, కట్.
గిదొక్కటి మారదేంది టీచర్, అని ఒకడడిగితే
వెనక బెంచీ నుంచి జవాబొచ్చింది:
మా తండాల కరెంటు లెక్క. నిన్న కట్, ఇయ్యాల కట్.
నవ్వులాగినంక మళ్లీ అందుకున్న.
డిగ్, డగ్, డగ్.
సరిగ్గా అప్పుడే బడి వెనక చెలకల
తిరుచెంగోడు లారీ ఇంజను గొంతెత్తింది,
డగ్ డగ్ డగ్ డగ్ అని,
భూతకాలం తప్ప ఇంకేం రానట్టు.

కేతావత్ అంబిక నవ్వలే.
ఆ చెలక వాళ్లది. ఆ బోరు ఆరోది.
నీళ్లు పడితే బురద లేస్తది, పడకుంటే పిండి.
సాయంత్రం దాక మేం
కిటికీల మీద పిండి తుడుచుకున్నం.

చందంపేట కాడ ఈ బడికొచ్చి ఆరేండ్లు.
నాకర్థమైన సంగతొకటి:
మన భాషల రేపటికి వేరే గది లేదు.
'నీళ్లొస్తయి' అంటే రోజూ వస్తయన్నట్టే,
రేపొస్తయన్నా గదే మాట.
అలవాటూ ఆశా ఒకటే మంచంల పండుకుంటయి.
ఇంగ్లీషు వాటిని లేపి విడదీస్తది,
కమ్స్ ఇటు, విల్ కమ్ అటు.
అంబికకు ఇంకో గడప ఎక్కువ.
ఇంట్ల గోర్ బోలి, బడిల తెలుగు, పుస్తకంల ఇది.
మూడో గడప దాటేసరికి
ఎస్ అక్షరం ఎక్కడ్నో జారిపోతది.

'పోయిండు' అనే మాట మీద ఒక పీరియడంత పోయింది.
నిన్న అంగడికి పోయిండు, వెంట్.
పోయిండు, ఇంకా రాలే, హాజ్ గాన్.
పోయొచ్చిండు, హాజ్ బీన్.
మరి మా తాత పోయిండు టీచర్, అన్నడొకడు.
దానికి వేరే క్రియ ఉన్నదని చెప్పిన.
బోర్డు మీద రాయలే.

హావ్ ఎప్పుడు పెట్టాలె, అన్నరు.
గైడ్ల ఉన్నది చదివిన, ఎవరికీ ఎక్కలే.
చాక్‌పీసు పక్కకు పెట్టి చేతులు చూపించిన.
తవ్వి, కడుక్కొని, అన్నం తిన్నంక చెప్తే డగ్.
మట్టి ఇంకా గోళ్ల సందుల ఉండంగనే చెప్తే
హావ్ డగ్.
అందరు వంగి తమ గోళ్లు చూసుకున్నరు.

యూనిట్ టెస్టుల అంబిక రాసింది:
మై ఫాదర్ హాజ్ డగ్ సిక్స్ బోర్స్.
నిండుగ టిక్కు పెట్టిన.
కింది లైను: వాటర్ డిడ్ నాట్ కేమ్.
ఎర్ర పెన్నుతోని కేమ్ కొట్టేసి కమ్ చేసిన.
పిలిచి చెప్పిన, చూడు బిడ్డా,
జరిగిపోయినదాని బరువు డిడ్ ఎత్తుకున్నది,
ఒకరు మోస్తుంటే ఇంకొకరెందుకు?
కాసేపు ఆలోచించింది.
మా నీళ్ల డ్రమ్ము ఇద్దరం పడితేనే లేస్తది టీచర్, అన్నది.
అర మార్కు కోసిన. తప్పు తప్పే గద.
సరిచేసిన లైను మళ్లీ చదువుకుంటే
అప్పుడు గూడ నీళ్లు రాలే.

మొన్న సోమవారం ప్రేయరు అయిపోయినంక వచ్చింది.
ఆలస్యమైతే కారణం ఇంగ్లీషులనే చెప్పాలె,
రూలు నాదే.
తలుపు కాడ నిలబడ్డది. పెదవులు కదులుతున్నయి,
లోపల పట్టిక తిరుగుతున్నట్టు.
వుయ్ హావ్ బీన్ డిగ్గింగ్, టీచర్.

ఆ పాఠం నేనింకా చెప్పలే.
ఎట్లొచ్చిందే నీకు?
మట్టి ఇంకా పోలే, గందుకే హావ్ పెట్టిన.
రాత్రి నుంచి లారీ ఆగలే, గందుకే ఇంగ్ పెట్టిన.
నడిమిట్ల ఏదో ఒకటి లేకుంటే
రెండూ అతుకుతలేవని
బీన్ పెట్టిన.

ఏడో బోరు సంగతి అడగలే నేను.
ఎన్ని ఫీట్లని గూడ అడగలే.
కూసో, అన్న.
బెంచీల నడుమ నుంచి పోతుంటే చూసిన,
చెప్పుల అంచులకు, పాదాల మీద,
మడిమల దాక,
పిండి కాదు.